కత్తిరించిన పొగమంచు

ఆ రోజుల్లో, అంటే మేము అమెరికాలో, పార్సిప్పనీలో కాపురం పెట్టిన కొత్తల్లో, అక్కడి జనం దేన్నైనా ఇట్టే పారేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. జామ్ సీసాల నుంచి గిఫ్టులకు చుట్టిన కాగితాల దాకా అన్నీ మా ఇంటికే చేరేవి (మావారు ఇంటిని గోడౌను అనేవారు). నాలుగో క్లాసుతో చదువు ఆగినదాన్ని. కింది అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే జపాను పెద్దాయన ఇల్లు శుభ్రం చేసే పనికి కుదిరాను. ఆయన సిరాతో కొండలు వేసేవారు. రంగుల్లేవు, ఒట్టి నలుపు. సానమీద గంధం తీసినట్టు రాతిమీద సిరాకణిక అరగదీసి, ఓ కొండా, దానికింద గుడిసే వేసి, మిగతాదంతా ఖాళీగా వదిలేసేవారు. ఆదివారాలు స్నేహితులొచ్చి టీ తాగుతూ, ఒకరి బొమ్మమీద ఒకరు పద్యాలు రాసుకునేవారట. ఆదివారం నాకు సెలవు కాబట్టి ఆ సంగతి నాకప్పటికి తెలియదు.

ఒక శనివారం బల్లమీద నిలువెత్తు కాగితం కనిపించింది. అడుగున కొండ, పైన సగానికి పైగా తెలుపే. పెద్దాయన చెయ్యి ఆడక వదిలేశారనుకున్నాను. తెల్లముక్కను నీటుగా కత్తిరించి, ఇంటికి తెచ్చి వడియాల డబ్బా అడుగున పరిచాను.

మర్నాడు ఆయనే మా తలుపు కొట్టారు. స్నేహితుల్లో ఒకరైన పళ్ల డాక్టరుగారు ఆ వారమే జపానుకు శాశ్వతంగా వెళ్లిపోతున్నారట. అది ఆయనకిచ్చే బొమ్మట. పైనున్నది ఖాళీ కాదట, పొగమంచట. వీడ్కోలు పద్యం రాయాల్సింది అందులోనేనట. మళ్లీ వేయడానికి టైము లేదు.

"పని చేసే ఇంట్లో కత్తెర పట్టడమేమిటే నువ్వు?" అన్నారు మావారు.

"తెల్లగా ఉంటే కాగితమనుకున్నానండీ. పొగమంచని నాకెలా తెలుస్తుంది?"

వడియాలు చేటలో పోసి, కాగితం దులిపి, స్నేహితులంతా చేరిన కింది ఇంటికి పట్టుకెళ్లాను. డాక్టరుగారు దాన్ని వాసన చూశారు. ఇంగువ. "నీ కొండల్లో ఎవరో వంట చేస్తున్నారు," అన్నారు. పెద్దాయన తప్ప అందరూ నవ్వారు. ఆయన జిగురు సీసా తీయబోతే డాక్టరుగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"అతికించకు. కొండ నువ్వుంచుకో. మంచు నేను పట్టుకెళ్తాను."

(ఇంగ్లీషులో అన్నారంటే నాకూ తెలియాలనే.) పెద్దాయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పద్యం ఆ ముక్కమీదే రాశారు.

నన్ను పనిలోంచి తీసేయలేదు. కత్తెర మాత్రం స్టూలెక్కి పై అరలో దాచారు (మనిషి పొట్టి, కావాల్సినప్పుడల్లా దింపిపెట్టమని నన్నే అడిగేవారు). ఆ కొండ ముక్క ఆయన గోడమీదే ఉండిపోయింది. పనయ్యాక దానిముందు గుడ్డ పట్టుకుని నిలబడేదాన్ని, కత్తిరించిన అంచుకు పైన ఉన్న ఉత్త గోడకేసి చూస్తూ. నిమిషం వృథా చేయని మనిషినని చెప్పుకునేదాన్ని. ఏ మరకా లేని ఆ గోడ తుడవడానికి నాకు అంతసేపు ఎందుకు పట్టేదో, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.