పైకి బాగానే ఉంది

మా పళ్ళ డాక్టరుగారు బాగున్నదేదీ నమ్మరు. కాలు ఊగే పాత కుర్చీలో ధైర్యంగా కూర్చుంటారు గానీ, కొత్త కుర్చీ కనిపిస్తే చుట్టూ తిరిగి, వంగి, కింద తట్టి చూసి, "పైకి బాగానే ఉంది. అదే నా అనుమానం" అంటారు. వీధిలో అందరూ ఆయన్ని అనుమానాల డాక్టరంటారు. ఆ సంగతి ఆయనకు తెలిసే ఉంటుందని నా అనుమానం. ఆయన దగ్గర పని చేస్తే ఈ జబ్బు ఎవరికైనా అంటుకుంటుంది.

తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయాక కొన్నేళ్ళు ఇంట్లో ఉండి, తర్వాత ఆయన దగ్గర చేరాను. పనిముట్లు కడగడం, దూది అందివ్వడం, ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకోవడం నా పని. మొదటిరోజే నిలదీశారు.

"నువ్వు ఎక్కువ మాట్లాడవట?"

"మాట్లాడనండీ."

"ఎందుకని?"

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"చూడ్డానికి బుద్ధిమంతురాలివే," అని ఊరుకున్నారు. దాని వెనక ఇంకో మాట ఉంటుందని నాకప్పటికి తెలియదు.

సాయంత్రం టీ వేళ గట్టి బిస్కట్టు ఒకటి నా చేతిలో పెట్టి, తినడం అయ్యేదాకా చూపు తిప్పేవారు కాదు. డబ్బాలోంచి ఇంకోటి తీస్తానని అనుమానం కాబోలు అనుకుని, సిగ్గుతో టీలో ముంచి గబగబా మింగేసేదాన్ని.

ఆయన ఇల్లు మేడమీద, ఆసుపత్రి కింద. ఓసారి అమ్మగారు తెల్లటి కొత్త కప్పులు కొన్నారు. మర్నాటికి వాటిమీద ఎర్రగీతలు తేలాయి. పన్ను లోపలి పుచ్చు ఎంతవరకు పాకిందో తెలియడానికి రాసే ఎర్రమందు ఒకటుంది. రాసి కడిగితే గట్టిగా ఉన్నచోట పోతుంది, మెత్తబడ్డచోట అంటుకుని ఉంటుంది. డాక్టరుగారు దాన్ని కప్పులకు పూసి కడిగారు.

"ఇదిగో పగులు. చూశావా? పైకి బాగానే ఉన్నాయని కొనేశావు."

"మిమ్మల్నీ అలాగే చేసుకున్నాను," అని అమ్మగారు మేడెక్కారు.

కూతురికి సంబంధం వచ్చినప్పుడూ అంతే. కుర్రాడు చాలా మంచివాడని పదిమందీ చెప్పడంతో ఆయనకు నిద్ర పట్టలేదు. పెళ్ళిచూపుల్లో జేబులోంచి చిన్న అద్దం తీసి, "బాబూ, ఒకసారి నోరు తెరు" అన్నారు. ఆ అల్లుడు ఈనాటికీ అత్తగారింటికి బయలుదేరేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పళ్ళు తోముకుంటాడు.

నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం, ఒకావిడ పదేళ్ళ కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

"మీరైనా చెప్పండి డాక్టరుగారూ. ఎన్నాళ్ళుగానో పన్ను నొప్పి అని ఒకటే పాట. ఇద్దరికి చూపించాను, ముత్యాల్లా ఉన్నాయన్నారు. లెక్కల పరీక్ష వస్తే చాలు, దీనికి నొప్పి లేస్తుంది."

"పరీక్ష లేనప్పుడు కూడా వస్తుంది," అని గొణిగింది పిల్ల.

"విన్నారా? ఇంట్లో దీన్ని అందరూ నాటకాలరాణి అంటున్నారు. ఇవాళ మీరు కూడా ఏమీ లేదంటే, ఇక ఇది ఏం చెప్పినా నమ్మేది లేదు. ఆ మాట దీనికీ చెప్పే తీసుకొచ్చాను."

పిల్ల కుర్చీలో బిగుసుకుపోయింది. డాక్టరుగారు అద్దం పెట్టి చూశారు. నేనూ తొంగి చూశాను. ఒక్క మచ్చ లేదు.

"పైకి బాగానే ఉన్నాయి," అన్నారు.

తల్లి సంచీ భుజాన తగిలించుకుంది. పిల్ల మొహం పాలిపోయింది. మిగతా సగం దానికి తెలియదు కదా. ఉండబట్టలేక దాని చెవిలో, "ఆగు, ఇంకా ఉంది" అన్నాను.

"అదే నా అనుమానం," అంటూ డాక్టరుగారు స్టూలు ముందుకు లాక్కున్నారు.

పిల్ల వేలు పెట్టి చూపించిన దవడ పళ్ళను గాలి కొట్టి ఆరబెట్టారు. గదిలో లైటు తీయించి, సన్నటి దీపాన్ని పళ్ళ పక్కనుంచి ఆనించారు. పళ్ళు లేత గులాబీ రంగులో వెలిగాయి. రెండు పళ్ళూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట మాత్రం మబ్బులాంటి నీడ.

"దొరికావు," అన్నారాయన, మారువేషంలో ఉన్న దొంగను పట్టుకున్నట్టు.

ఎక్స్‌రేలోనూ అక్కడే నల్లగా పడింది.

"చూడమ్మా, పైన పెంకు గట్టిగానే ఉంది. లోపల గుల్ల. ఈ సందులోకి అద్దం చూపు పోదు."

తల్లి చూసింది. సంచీ భుజం మీంచి దింపింది.

మత్తు ఇచ్చి పన్ను తెరిస్తే లోపలి పుచ్చు చిన్న చెంచాతో తడిమట్టిలా వచ్చింది. ఎర్రమందు రాశారు, కడిగారు. ఎర్రగా మిగిలింది గీరారు. మళ్ళీ రాశారు. ఈలోగా తల్లి నా భుజంమీదుగా తల దూర్చింది.

"ఆ మూల సరిగ్గా చూశారా? నాకెందుకో అనుమానంగా ఉంది."

"గట్టిగా తగిలితే అనుమానం ఆపెయ్యాలమ్మా. ఇంకా తవ్వితే నరం దొరుకుతుంది," అని డాక్టరుగారు పన్ను పూడ్చేశారు.

పిల్ల మొద్దుబారిన మూతితో, "నేను చెప్పాను కదమ్మా" అంది.

తల్లి పిల్ల గడ్డం మీద కారిన నీళ్ళు కొంగుతో తుడిచి, "ఇంటికెళ్ళాక ఆ మాట నేనే చెప్తాలే అందరికీ" అంది. తర్వాత డాక్టరుగారి వైపు తిరిగింది. "మీరు ఎవర్నీ నమ్మరని వీధిలో చెప్పారండీ నాకు. దీన్నెలా నమ్మారు?"

"నేను అనుమానించేది పళ్ళనమ్మా. నొప్పి అన్నవాళ్ళని ఎందుకు అనుమానిస్తాను? నొప్పి పెట్టుకుని అననివాళ్ళ మీదే నా అనుమానమంతా," అని ఆయన నావైపు చూశారు.

నేను దూది సర్దుకున్నాను.

సాయంత్రం టీ వచ్చింది, బిస్కట్టూ వచ్చింది. ముంచబోతే నా కప్పు పక్కకు జరిపారు.

"ఇవాళ ముంచకుండా తిను. ఎడమవైపు నమిలి చూపించు."

చెయ్యి దానంతటదే నా నోటికి అడ్డం వచ్చింది.

"నువ్వే చెబుతావని రోజూ చూస్తున్నాను. నువ్వేమో రోజూ టీలో ముంచుతున్నావు."

"నాకేం లేదండీ. బాగానే ఉంది," అన్నాను.

అనేశాక గానీ, ఆ మాట ఎవరితో అన్నానో తట్టలేదు. డాక్టరుగారు అప్పటికే కుర్చీ మీద లైటు వేశారు. మెట్లమీద అమ్మగారి గొంతు వినిపించింది.

"కప్పులన్నీ దాచేశాను. ఇక ఎర్రమందు తియ్యొచ్చు."