తపస్సుకాలంలో చెప్పులు

ఆ రోజుల్లో టీవీ ఒక మాట చెప్పిందంటే మాకు అది జరిగిపోయినట్టే. అక్షరం ముక్క రాని నాకు ఇంకాస్త ఎక్కువ జరిగిపోయినట్టు. నందిగామ దగ్గర మా ఊళ్ళో ఉన్నది చిన్న గుడి (మేం కతోలికులం, చర్చిని గుడి అనే అంటాం). ఆదివారం పూజకి జగ్గయ్యపేట నుంచి ఫాదర్ వచ్చేవారు. కొన్నేళ్ళు ఇటలీలో పనిచేసి వచ్చారని ఊరంతా ఆయన్ని ఇటలీ ఫాదర్ అనేది. ఒకరోజు ప్రసంగంలో, "అక్కడ ఇంటింటా మరియమ్మ పటం ఉంటది, గుడికొచ్చేవాళ్ళే లేరు. ఒక గుడి అమ్మేస్తే అందులో హోటలు పెట్టారు," అన్నారు. అప్పటికి నా పెద్దపిల్ల చంటిది. పాస్కా పండుగనాడు, అంటే ఈస్టర్‌నాడు, దానికి జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్నాం. పీఠం ఉన్నచోట ఇడ్లీ ప్లేట్లు ఊహించుకుని నాకు ముద్ద దిగలేదు.

ఆ భయం చల్లారకముందే పాస్కాకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలైంది. ఆ ఉపవాస దినాల్లో మొక్కుగా మా ఊళ్ళో ఎవరూ చెప్పులు తొడగరు, మిరప చేలోకైనా వట్టికాళ్ళే. ఒక ఆదివారం మేమంతా లోపల మోకాళ్ళ మీద మౌనంగా ఉండగా లోకల్ ఛానెల్ కుర్రాడు కెమెరాతో వచ్చాడట. గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత కూడా కనబడకపోయేసరికి, లోపలికి తొంగైనా చూడకుండా ఖాళీ మెట్లు కెమెరాలో పట్టుకుపోయాడు. సాయంత్రం టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు మా మరిది చదివాడు: "భక్తులు లేక వెలవెలబోతున్న చర్చి. విదేశాల బాటలో మన పల్లె."

"అయిపోయిందే. బిషప్‌గారు చూస్తే తాళమేయిస్తారు. మన గుడి మిరపకాయల గోడౌనే ఇంక," అంది మా అత్త.

"పిల్ల జ్ఞానస్నానం ఏమవుద్దత్తయ్యా?"

"గోడౌన్లోనే ఇప్పిద్దాంలే, తుమ్ముకుంటా. ముందిది విను. వచ్చే వారం అందరం చెప్పులేసుకుని పోదాం. లేనోళ్ళు అడిగి తెచ్చుకోండి."

"మరి మొక్కో?" అన్నాడు మా ఆయన.

"దేవుడికి తెలుసులేరా. టీవీకే తెలీదు."

అలా పిల్లని చంకనేసుకుని, మా ఆయన పాత చెప్పుల్లో టపటపలాడుకుంటూ నేనూ వెళ్ళాను. గుమ్మం ముందు చెప్పులు సంత పెట్టినట్టున్నాయి. మా మరిది పిలిపించిన ఛానెల్ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. మరిది ఎంతో మర్యాదగా, "మేం ఈ దినాల్లో చెప్పులు తొడగమండి, అందుకే ఆ వారం మీకు కనబడలేదు," అని వివరించాడు. సాయంత్రం టీవీలో అక్షరాలు మళ్ళీ మరిదే చదివాడు: "తపస్సుకాల నియమం గాలికి. చెప్పులతో చర్చికి."

"నీ నోటికి తాళమేసుంటే గుడి దక్కేది గదరా," అంది అత్త.

ఇక పాస్కా దాకా ఊళ్ళోకి ఏ బండి వచ్చినా తాళం తెచ్చారేమోనని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. పండుగ పొద్దున ఫాదర్ పిల్ల తల మీదికి నీళ్ళెత్తగానే ఆగలేక అడిగేశాను. "ఇదే ఆఖరిదా ఫాదర్? గుడి మూసేస్తారా?"

ఆయన సంగతంతా విని, నవ్వాపుకోలేక నీళ్ళు సగం ఒలికించారు. "ఎవరూ మూయరమ్మా. ఇటలీలోనూ ఇంతే. పనిరోజు మధ్యాహ్నం వచ్చి ఖాళీ బల్లలు ఫొటో తీసి పేపర్లో వేసేవాళ్ళు. జనం తగ్గిన మాట నిజమే. ఆ ఫొటోలో ఉన్నంత కాదు."

"ఎంత నిజం ఫాదర్?"

"అది నాకూ తెలీదమ్మా. అదే నా భయం," అని మిగిలిన నీళ్ళు పోశారు. పిల్ల కెవ్వుమంది.

ఆ పిల్లే పెద్దదై నాచేత అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు పేపరు నేనే చదువుకుంటాను. ఏదో దేశంలో గుళ్ళు ఖాళీ అని రాస్తే, ఎప్పుడెళ్ళి చూశారో అని రెండోసారి చదువుతాను (అది మాత్రం ఎక్కడా రాయరు). చదువొస్తే భయం పోతుందనుకున్నాను, పిచ్చిదాన్ని. ఒకరు చదివిపెట్టే పని తప్పిందంతే. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, నా అంతట నేనే భయపడుతున్నాను.