వడ్డాది చెరకు తోటలో రింగు పరీక్ష

నేను రిటైర్ కావడానికి కొంతకాలం ముందు, ఒక జనవరి నెలలో, నాకు చోడవరం డ్యూటీ పడింది. అప్పటికి టెలిఫోన్ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద టెలికాం నియంత్రణ సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో పనిచేస్తున్నాను. హోదా టెక్నికల్ ఆఫీసర్. వినడానికి గొప్పగానే ఉంటుంది గాని, పైన ముగ్గురు, కింద ఎవరూ లేని ఉద్యోగం. చోడవరం నుంచి మాడుగుల, బుచ్చయ్యపేట వైపు కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయా, మాట సరిగ్గా వినిపిస్తోందా అని జీపులో తిరుగుతూ కొలవాలి. మా అంతట మేం కొలుచుకుంటే చెల్లదు. ఫోన్ కంపెనీ ఇంజనీరు పక్కన ఉండాలి, రిపోర్టు మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. దాన్ని జాయింట్ టెస్ట్ అంటారు.

కంపెనీ తరఫున వచ్చినవాడు పవన్. ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు, మాటకి ముందు మేడం, మాటకి వెనక మేడం. పని తెలిసినవాడే. రెండు రోజులు తిరిగాం. కొలతలన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. ఎందుకు రావు? జీపులో నేను ఒక ఫోన్ నుంచి చేస్తాను, అతను ఒళ్ళో పెట్టుకున్న రెండో ఫోన్ ఎత్తుతాడు.

మూడో రోజు వడ్డాది దగ్గర టీ కోసం ఆగాం. జీపు మీది యాంటెన్నా చూసి ఒకావిడ నేరుగా నా దగ్గరికి వచ్చింది. తలకి తువ్వాలు, చేతిలో చెరకు నరికే కత్తి. పేరు మరియమ్మ, చెరకు నరికే ముఠాకి మేస్త్రీ. కత్తి చూసి పవన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరు ఫోన్ల ఆఫీసోళ్ళేనా? మా ఫోన్‌కి ఏటైందో సెప్పండి. ఇలా కూసి అలా సచ్చిపోతంది. నాను తోటలోంచి గట్టుకి ఒచ్చేసరికి ఆగిపోతంది" అంది.

ఆవిడ గోడు ఏమిటో అడిగి తెలుసుకున్నాను. చెరకు రైతుకి ఫ్యాక్టరీ నుంచి పర్మిట్ వచ్చిందంటే నాలుగు రోజుల్లో నరికి పంపాలి. పర్మిట్ రాగానే రైతు మేస్త్రీకి ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే ఇంకో మేస్త్రీకి చేస్తాడు, పని అటు వెళ్ళిపోతుంది. ఈ సీజనులో మరియమ్మకి అలా పోయిన తోటలు చాలా ఉన్నాయట. ముఠాలో ఉన్నవి ఏడెనిమిది కుటుంబాలు. ఇలాగైతే విశాఖపట్నంలో కాంట్రాక్టు పనికి పోతామని వాటిలో రెండు కుటుంబాలు అప్పటికే మూట సర్దుకుంటున్నాయి. ముఠా విడిపోతే మేస్త్రీ ఒక్కతే తోట నరకలేదు.

"మిస్డ్ కాల్ చూసి తిరిగి చెయ్యొచ్చు కదా" అన్నాడు పవన్.

"బాలెన్సు నువ్వేస్తావా బాబూ? నాది వచ్చే కాల్స్‌కి మట్టుకే ఏయించింది."

అతను టీ డబ్బులివ్వడానికి కొట్టు వైపు నడిచాడు. నాకు మాత్రం బుర్రలో ఏదో వెలిగింది.

ఇక్కడ మా వృత్తి లోగుట్టు కొంచెం చెప్పాలి. ఒక కంపెనీ కస్టమర్ వేరే కంపెనీ కస్టమర్‌కి ఫోన్ చేస్తే, చేసిన వైపు కంపెనీ అందుకున్న వైపు కంపెనీకి నిమిషానికి ఇన్ని పైసలని కట్టుకునేది. ఇలా కంపెనీల మధ్య కాల్స్ ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఇంటర్‌కనెక్షన్ అని, దానికి కట్టే ఆ పైసల్ని టెర్మినేషన్ చార్జీ అని అనేవాళ్ళం. అది ఎంత ఉండాలి, అసలు ఉండాలా అని ఆ రోజుల్లో పెద్ద తగాదా నడుస్తోంది. బయటికి కాల్స్ ఎక్కువ పోయే కంపెనీ జేబు ఖాళీ అవుతుంది, లోపలికి ఎక్కువ వచ్చే కంపెనీ జేబు నిండుతుంది. ఇక ఫోన్ ఎంతసేపు మోగాలన్నది చేసిన వైపు కంపెనీ ఎక్స్ఛేంజిలో ఒక టైమరు నిర్ణయిస్తుంది. ఆ టైమరు తగ్గిస్తే ఎత్తేలోపే ఫోన్ ఆగిపోతుంది. అవతలి మనిషి మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తాడు. అప్పుడు కట్టాల్సిన పైసలు రావలసిన పైసలవుతాయి. మంచి తెలివే. తిరిగి చేయడానికి అవతల బాలెన్సు లేని మనిషి ఉంటుందని మాత్రం ఆ తెలివికి తట్టలేదు.

మరియమ్మ సిమ్ వేరే కంపెనీది, ఆవిడకి చేసే రైతులవి ఎక్కువగా పవన్ కంపెనీవి. జీపెక్కాక అతన్ని నిలదీశాను. ముందు నీళ్ళు నమిలాడు. తర్వాత, పూర్వం ముప్పావు నిమిషం దాకా మోగేదని, ఈ మధ్య అర నిమిషం కన్నా తక్కువకి దించారని ఒప్పుకున్నాడు. "ఫోన్ ఎత్తేవాళ్ళలో ఎక్కువమంది ఆలోపే ఎత్తేస్తున్నారు మేడం, మా డేటాలో ఉంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎత్తినవాళ్ళని లెక్కపెట్టి అందరూ ఎత్తుతున్నారనడం ఏం లెక్క?

ఆఫీసుకి ఫోన్ చేసి, రింగు వ్యవధి కూడా పరీక్షిస్తానన్నాను. మన ఫార్మాట్‌లో దానికి కాలమ్ లేదు కదా అన్నారు మా పై అధికారి. రిమార్కులకి కాలమ్ ఉంది కదా సార్ అన్నాను. ఆయన, మీ ఇష్టం అన్నారు. ఆఫీసు భాషలో దానికి అర్థం, ఏమైనా జరిగితే నీదే పూచీ అని. సరే, నాదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పవన్‌ని మరియమ్మ నరుకుతున్న తోటకి తీసుకెళ్ళాను. ఫోన్‌ని ఆవిడ పెట్టే చోటే పెట్టించాను, గట్టు మీద అన్నం క్యారేజీ సంచిలో. నడుముకి కట్టుకోవచ్చు కదా అని అడిగాడతను.

"ఒంగినప్పుడల్లా జారిపోతంది బాబూ. ఒకటి అలాగే ట్రాక్టరు కింద పడి నుగ్గయిపోయింది" అంది మరియమ్మ.

తర్వాత అతన్ని ముఠా పనిచేసే చోటు దాకా తోటలోపలికి పంపాను. నేను రోడ్డు మీద నిలబడి అతని కంపెనీ సిమ్ నుంచి మరియమ్మ నంబరుకి చేశాను. గట్టు మీద స్తుతి పాట రింగు మొదలైంది. లోపల చెరకు విరుగుతున్న చప్పుడు. పవన్ బయటపడేసరికి పాట ఆగిపోయింది. మళ్ళీ పంపాను. ఈసారి పరుగెత్తి నరికిన మోళ్ళు తగిలి బోర్లా పడ్డాడు. ముఠాలో ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు.

"ఒరే బాబూ, బూట్లు విప్పీసి రా, తొందరగా ఒస్తావు" అని ఒకావిడ సలహా ఇచ్చింది.

చాలాసార్లు చేశాం. ఒక్కసారీ అందుకోలేకపోయాడు. తర్వాత, పాత వ్యవధి ఉంచిన వేరే కంపెనీ సిమ్ నుంచి చేశాను. రొప్పుతూనే అయినా ఎక్కువసార్లు అందుకున్నాడు. చేతుల నిండా చెరకాకు గీతలు, తెల్ల బూట్లు మట్టి రంగు.

రిపోర్టు జీపు బానెట్ మీదే రాశాను. సంతకం దగ్గరికి వచ్చేసరికి పవన్ తన మేనేజరుకి ఫోన్ చేశాడు. పెట్టొద్దన్నారట. నేను గొడవ పడలేదు. పెడితే పెట్టినట్టు, పెట్టకపోతే నిరాకరించినట్టు రాయడమే పద్ధతి, రెండిట్లో ఏదో చెప్పమన్నాను. అతను తన చేతులు చూసుకున్నాడు. గట్టు మీద కూర్చుని అన్నం తింటున్న మరియమ్మని చూశాడు. "నేను పరుగెత్తింది నిజమే కదా మేడం" అని పెట్టేశాడు. ఆ క్షణంలో ఆ అబ్బాయంటే నాకు గౌరవం కలిగింది. తర్వాత అతన్ని వేరే రాష్ట్రానికి బదిలీ చేశారని విన్నాను. కారణం ఇదేనో కాదో నాకు తెలియదు.

టెర్మినేషన్ చార్జీ తగాదా మీద మా సంస్థ పెట్టిన బహిరంగ చర్చలో కంపెనీల ప్రతినిధులు పవన్ చెప్పిన అదే డేటా తెర మీద వేశారు. నా వంతు వచ్చినప్పుడు, మీరు లెక్కపెట్టింది చేతిలో ఫోన్ ఉన్నవాళ్ళని, చేతిలో కత్తి ఉన్నవాళ్ళని కాదు అని చెప్పి రిపోర్టు చదివాను. రింగు వ్యవధి ఇంటర్‌కనెక్షన్ విషయం కాదని ఒకరు అభ్యంతరం చెప్పారు. పైసల కోసం తగ్గించినప్పుడు అదెలా కాకుండా పోతుందని అడిగాను. కొన్ని నెలలకి, రింగు ఇంతకన్నా తక్కువ ఉండకూడదని ఆదేశం వెలువడింది. నేను అడిగిన ముప్పావు నిమిషం రాలేదు. కంపెనీ పెట్టినదానికీ నేను అడిగినదానికీ నడుమ ఎక్కడో ఆగింది. మూట సర్దుకున్న ఆ రెండు కుటుంబాలూ మాత్రం అప్పటికే వెళ్ళిపోయాయి.

తర్వాతి సీజనులో, ఆదేశం అమలవుతోందో లేదో చూడటానికి, విశాఖపట్నం నుంచి అదే కంపెనీ సిమ్‌తో మరియమ్మకి చేశాను. చాలాసేపు మోగింది. ఇక ఆగిపోతుందనుకుంటుండగా ఎత్తింది.

"ఎవరండీ? తోటెక్కడ?" ఆయాసంతో గొంతు ఎగిరెగిరి పడుతోంది.

"నేను మరియమ్మా, ఫోన్ల ఆఫీసు నుంచి. రింగు ఎలా వస్తోందో చూద్దామని."

"దగ్గరుంటే అందుతంది, ఆ సివర్నుంటే ఇంకా తప్పిపోతంది. సగం నయం. కొత్తోళ్ళిద్దరు ముఠాలో సేరేరు కూడాను. ఇంక పెట్టియ్యండి తల్లీ, పర్మిట్లొచ్చే టైమిది, రైతులు సేస్తంటారు. లైను ఆపకండి."

పెట్టేసింది. ఉద్యోగంలో ఉండగా నా ఫోన్‌ని అలా మధ్యలో కట్ చేసినవాళ్ళు తక్కువ. నాకు భలే సంతోషం వేసింది. వ్యవధి ఆదేశం ప్రకారమే ఉందని రాసుకున్నాను.

ఇంటర్‌కనెక్షన్ నియంత్రణ అంటే కంపెనీకీ కంపెనీకీ మధ్య పంపకమని అనుకుంటూ చాలా ఏళ్ళు పనిచేశాను. కలిసిన కాల్‌కి అయ్యే ఖర్చు లెక్కగట్టడం మాకు బాగా వచ్చు. కలవని కాల్ ఖర్చు ఎవరి మీద పడుతుందో కూడా అడగాలని ఆ తోట దగ్గర నేర్చుకున్నాను. అది అడగకుండా ఆ తర్వాత ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు.