నెట్ పడిన శనివారం

కెనడాలోని సార్నియాకి వచ్చిన మూడో వేసవిలో, ఊరి బయటి స్టాక్ కార్ ట్రాక్‌లో శనివారం రేసులకు అనౌన్సర్‌గా చేరాను. అప్లై చేసి కాదు. ల్యాపుల లెక్క తప్పు చెబుతున్నాడని పాత అనౌన్సర్‌తో స్టాండ్స్‌లోంచే గొడవపడ్డాను. "అంత తెలిస్తే నువ్వే టవర్ ఎక్కు," అన్నాడు రేస్ డైరెక్టర్ గ్యారీ. ఎక్కాను. కిందటేడు రిటైరయ్యేదాకా దిగలేదు.

టవర్ గదిలో నేనొక్కదాన్నే. నా గొంతు అందరికీ వినబడేది. నాకు వినబడేవి హెడ్‌సెట్‌లో గ్యారీ ఆర్డర్లు. నాతో మనిషిలా మాట్లాడింది లిండా ఒక్కతే. ఆమె భర్త డగ్ రేసర్. రేసు ముందు కాఫీ పట్టుకుని మెట్లెక్కి వచ్చేది.

"ఇవాళైనా మా ఆయన పేరు కాస్త ముద్దుగా చదువు."

"గెలవమను, చదువుతా."

ఈ కార్లలో డ్రైవర్ పక్కన అద్దం ఉండదు, వల లాంటి నెట్ ఉంటుంది. ప్రమాదం జరిగితే, క్షేమంగా ఉన్న డ్రైవర్ అందుకు గుర్తుగా ఆ నెట్‌ని కిందికి వదులుతాడు. అది పడ్డాక కూడా గ్యారీ ఓకే అనేదాకా అనౌన్సర్ డ్రైవర్ సంగతి ఎత్తకూడదు. స్పాన్సర్ల ప్రకటనలు చదువుకోవాలి.

ఒక ఆగస్టు శనివారం సాయంత్రం డగ్ కారు మూడో మలుపులో గోడను గుద్దింది. రెడ్ ఫ్లాగ్ చూపించి రేసు ఆపేశారు. స్టాండ్స్‌లో లిండా లేచి నిలబడింది. చూసింది ట్రాక్ వైపు కాదు, నా వైపు. టైర్ల షాపు ప్రకటన రెండోసారి చదువుతుండగా నెట్ పడింది.

"నెట్ పడింది! డగ్ క్షేమం!" అనేశాను.

స్టాండ్స్ నిండా చప్పట్లు. లిండా కూడా కొట్టింది.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" హెడ్‌సెట్‌లో గ్యారీ. "నెట్ దించింది మన సేఫ్టీ వాళ్లు. అతనికి స్పృహ లేదు."

లిండాకి ఎవరైనా చెప్పేలోపే అంబులెన్స్ కదిలింది. చప్పట్లు ఇంకా పూర్తిగా ఆగలేదు.

డగ్ బతికాడు. తుంటి విరిగింది, మళ్లీ రేసు కారెక్కలేదు. ఆసుపత్రికి వెళ్తే లిండా వరండాలోనే ఆపేసింది.

"నాచేత చప్పట్లు కొట్టించావు," అంది.

పైనుంచి నాకు అంతే కనబడిందని వాదించబోయాను.

"కనబడినంతే చెప్పాల్సింది," అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఆరేళ్లు అదే గదిలో పనిచేశాను. కాఫీ ఫ్లాస్కులో నేనే తెచ్చుకునేదాన్ని. నెట్ పడితే "నెట్ పడింది" అని మాత్రం చెప్పి, గ్యారీ ఓకే అన్నా సరే, డ్రైవర్ బయటికొచ్చి తన కాళ్ల మీద నిలబడేదాకా టైర్ల ప్రకటనే చదివేదాన్ని. జనం విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను.