టీచరమ్మగారి అభ్యంతరం

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందండీ! తల్లీ పిల్లా క్షేమం, దేవునికి స్తోత్రం! ఏలూరు ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. కానీ ఈ కబురు అందరికంటే ముందు వినాల్సిన మనిషి మొన్న గురువారమే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయారు. మా కొల్లేటికోట చర్చిలో సండేస్కూలు చెప్పిన టీచరమ్మగారండీ. ఆవిడ లేకపోతే మా అమ్మాయి పెళ్ళీ లేదు, ఈ పిల్లా లేదు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

టీచరమ్మగారి భర్త కొల్లేట్లో పడవ బోల్తా పడి చనిపోయారు. ఈదురుగాలి వేస్తోంది, ఇప్పుడొద్దురా అని రేవులో అందరూ మొత్తుకుంటున్నా వినకుండా పడవవాడు తాగిన మైకంలో పడవ తీశాడు. వాడు ఈదుకుని బయటపడ్డాడు. ఆయన మాత్రం మర్నాడు నీళ్ళలో నిలువెత్తు పెరిగే కిక్కిస గడ్డిలో శవమై దొరికారు. ఆ పడవవాడు ఊళ్ళో మొహం చూపించలేక తాడేపల్లిగూడెం పోయి, రైసుమిల్లులో మూటలు మోసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. తల్లిలేని కొడుకుని మా ఊళ్ళోనే అమ్మమ్మ పెంచింది. తర్వాత ఆ ముసలావిడా పోయింది. మా అమ్మాయి ఏరికోరి చేసుకుంటానన్నది ఆ కుర్రాడినేనండీ!

టీచరమ్మగారు కొంగుతో పిల్లల ముక్కులు తుడుస్తూనే పాఠం చెప్పేవారు. "ప్రేమించండని దేవుడు ఆజ్ఞ ఎందుకిచ్చాడర్రా? ఇష్టమైనోళ్ళనైతే చెప్పకపోయినా ప్రేమిస్తాం కదా" అనేవారు. "మరి నన్ను కొట్టే మా అన్నయ్యని కూడానాండీ?" అని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగిందట. "ముందు ప్రేమించు. ఆనక నాకు చెప్పు, నేను రెండు తగిలిస్తాను" అన్నారట.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పొచ్చు. మొదటి ఆదివారం చదవగానే తలలన్నీ టీచరమ్మగారి వైపు తిరిగాయి. ఆవిడ కదల్లేదు. రెండో ఆదివారం ఆవిడ మరిది నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"మీ పిల్లకి ఇంకెవరూ దొరకలేదేంటండీ? వచ్చే ఆదివారం మా వదిన లేస్తుంది. ఆవిడ కాదన్నాక మీ పందిట్లో అన్నం తినేవాడు ఈ ఊళ్ళో ఉండడు, చూసుకోండి."

తిన్నగా టీచరమ్మగారింటికే వెళ్ళాను. బియ్యం ఏరుకుంటున్నారు.

"మీరు కాదంటే మానేస్తామండీ" అన్నాను.

"మీ అమ్మాయి మానేస్తుందాండీ?"

"మానదండీ."

ఆవిడ నవ్వలేదు. "చెప్పేదేదో ఆదివారం చర్చిలోనే చెబుతానండీ. టీ తాగుతారా?" అన్నారు. ఆ వారమంతా మా ఆవిడ పొయ్యి దగ్గర ఏడుపు, పిల్ల మంచం మీద ఏడుపు.

మూడో ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. అయ్యగారు చదివి తలెత్తారో లేదో, టీచరమ్మగారు లేచారు. మరిది మీసం మీద చెయ్యి వేశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేనండీ.

"నాకో అభ్యంతరం ఉందండీ" అన్నారావిడ. ముందు బెంచీ గట్టిగా పట్టుకున్నారు. "పెళ్ళికొడుకు తరఫున బెంచీలు ఖాళీగా ఉంటే నేనొప్పుకోను. వాళ్ళ నాన్న రాడు. అమ్మ లేదు. ఆ పక్కన నేను కూర్చుంటాను."

"వదినా!" మరిది అరిచాడు. "మా అన్నని మింగినోడి కొడుకు!"

"నాకు తెలీదా అబ్బాయీ? పోయింది నా మొగుడు. వాళ్ళంటే నాకూ ఇష్టం లేదు. ఇష్టం వచ్చేదాకా ఆగితే ఈలోపు నేనే పోతాను. ప్రభువు మన మీద ఇష్టం పుట్టేదాకా ఆగాడా?"

అయ్యగారి కళ్ళజోడు తడిసిపోయింది. నేను బెంచీ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను!

పెళ్ళినాడు అన్నట్టే తెల్లచీరలో అటు పక్కన కూర్చున్నారు. ఊరంతా భోజనానికి వచ్చింది. మరిది ఒక్కడే రాలేదు.

ఆవిడ బాధ తీరిపోయిందని మాత్రం అనుకోకండి. పడవల రేవు వైపు చివరిదాకా వెళ్ళలేదు, ఎంత ఎండైనా గట్టు మీంచి చుట్టూ తిరిగే వచ్చేవారు. మా అల్లుడికి అచ్చం తండ్రి పోలిక. ఎదురుపడితే ఒక్కోసారి ఆవిడ తల తిప్పేసుకునేవారు. నాలుగడుగులు పోయాక ఆగి, వెనక్కి తిరిగి, "అన్నం తిన్నావా అబ్బాయీ?" అనేవారు. ప్రేమ అంటే ఏంటని నన్నెవరైనా అడిగితే, ఆ వెనక్కి తిరగడమేనండీ అని చెబుతాను. నాకంతకంటే తెలీదు.

ఇక కబురు చెప్పాల్సినవాళ్ళు. ఏలూరులోనే తివాచీలు నేసే మా పెద్ద బావమరిది. ఆకివీడులో మా చెల్లెలు, చెప్పకపోతే ఏడాదంతా అలుగుతుంది. కైకలూరులో మా తోడల్లుడు. టీచరమ్మగారి మరిదికి నేనే స్వయంగా వెళ్ళి చెబుతాను, తలుపు తీసినా తీయకపోయినా. ఆఖరున తాడేపల్లిగూడెంలో మా వియ్యంకుడు. ఈ రెండు కబుర్లూ, పుట్టిందీ పోయిందీ, ఆయనకి ఫోన్లో చెప్పేవి కావు. ఎప్పుడెళ్ళినా తవుడు దులుపుకుంటూ మిల్లు గేటు దాకా వస్తాడు. కొడుకు గురించి కూడా తర్వాతే, ముందు తల దించుకుని ఒక్కటే అడుగుతాడు: "ఆవిడ బాగున్నారాండీ?"