కండక్టరమ్మ విజిల్

పరుగెత్తే పడవకు నడినీళ్లలో బ్రేకు వేసిన మనిషి ఈ భూమ్మీద కండక్టరమ్మ ఒక్కతే. ఆ రోజు ఆవిడ విజిల్ ఊదితే కొండ మీది జలాశయంలో నీళ్లు రెండడుగులు వెనక్కి తగ్గాయి, మబ్బులు దిగొచ్చి వరసలో నిలబడ్డాయి. నమ్మనివాళ్లు ఆవిడ అల్లుణ్ణి అడగవచ్చు. పడవ నడిపింది అతనే.

అల్లుడు అంతకుముందు ఆవిడ బస్సుకే డ్రైవరు. ఒక విజిల్ ఊదితే ఆపడం, రెండు ఊదితే కదలడం. ఆ బుద్ధి చూసే పిల్లనిచ్చిందని గిట్టనివాళ్లంటారు. ఆవిడ రిటైరైంది. అతను జలాశయం పార్కులో నాచు తీసే పడవకు మారాడు. అత్తగారు వదులుతుందా? మోకాళ్లు మొరాయిస్తున్నా మెడలో బైనాక్యులరు వేసుకుని రోజూ కొండెక్కేది. బస్సులో జనాన్ని చూసినట్టే పిట్టల్నీ చూసేది: ఎవరెక్కారు, ఎవరు దిగారు, ఎవరు దిక్కులు చూస్తున్నారు.

ఆ ఉదయం పడవలో ముందు కూర్చున్న సూపర్‌వైజరు గట్టు పక్క రెల్లు మూలకు వేలు చూపించాడు. "ఆ చెత్తకుప్ప లాగెయ్. షికారు పడవలు అటు తిప్పాలి."

"అది చెత్త కాదు," అంది కండక్టరమ్మ గట్టు మీంచి. "బుడుబుంగ గూడు. నీళ్ల మీద తేలేట్టు కట్టుకుంటుంది. పక్కకెళ్తూ గుడ్ల మీద నాచు కప్పింది."

"మరి పిట్టేదమ్మా?"

"నిన్ను చూసి మునిగింది. నాకూ మునగాలనే ఉంది."

"నువ్వు పోనీవయ్యా," అన్నాడు సూపర్‌వైజరు అల్లుడితో.

ముందు నుయ్యి, వెనక అత్తగారు. అల్లుడు ఉద్యోగం తలుచుకుని పడవ పోనిచ్చాడు. గూడు సూపర్‌వైజరు చాచిన కొక్కేనికి అందబోతుండగా ఒక్క విజిల్.

అతని కుడికాలు లేని బ్రేకును తొక్కింది. చెయ్యి ఇంజన్ కట్టేసింది. సూపర్‌వైజరు కసిరితే మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ విజిల్. మళ్లీ కాలు, మళ్లీ చెయ్యి. గట్టు మీద జనం పోగై నవ్వుతున్నారు.

"నీకు పై అధికారి నేనా, ఆవిడా?"

"మీరే సార్. ఈ కాలే నా మాట వినట్లేదు."

ఇంజన్ నోరు మూసుకున్న ఆ కాసేపట్లో బుడుంగున ఒక తల తేలింది. పిట్ట గూడెక్కి, ముక్కుతో నాచు పక్కకు లాగి, తెల్లటి గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. అందరూ చూశారు. సూపర్‌వైజరు కొక్కెం దించాడు.

"ఇవాళ్టికి వదిలేస్తున్నా."

"రేపూ వస్తా. విజిల్ అరిగిపోయేది కాదు," అని ఆవిడ రెండుసార్లు ఊదింది. పడవ వెనక్కి తిరిగింది. పిల్లలు పుట్టి తల్లి వీపెక్కి ఊరేగేదాకా ఆ మూలకు మళ్లీ పోలేదు.

నీళ్లు తగ్గిన సంగతి అడిగితే ఆవిడ బైనాక్యులరు దించకుండానే చెబుతుంది: "నీళ్లూ తగ్గలేదు, మబ్బులూ దిగలేదు. ఆపమన్నాను, అల్లుడు ఆపాడు."