రేగులగుంపు కేక

2006 ఎండాకాలం. అశ్వారావుపేట దాటాక అడవి చిక్కబడే చోట ఒక రిజర్వాయర్ ఉంది. దాని పేరు రాయను. ఆ చుట్టుపక్కల వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, మిగతావాళ్లకు అవసరం లేదు. అక్కడ లాంచీ నడిపే ఒక ప్రైవేటు కంపెనీలో నేను నాలుగేళ్లు గైడుగా పనిచేశాను. ఆ ఉద్యోగం గురించి ఎవరు అడిగినా ఇన్నాళ్లూ నవ్వించే సంగతులే చెప్పాను. ఇది చెప్పలేదు. అప్పట్లో విచారణలో నేను అబద్ధం చెప్పాను. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

మా ప్యాకేజీ ఆదివారాల్లో ఉండేది. పొద్దున ఆరింటికి ఖమ్మంలో బస్సు బయలుదేరితే పదింటికల్లా జెట్టీ, అంటే లాంచీ ఎక్కే రేవు, చేరేది. గంటన్నర లాంచీ ప్రయాణం. అవతలి ఒడ్డున ఒక తోట. అక్కడ పామాయిల్ గెల ఎట్లా కోస్తారో చూపించేవాళ్లం, మామిడికాయలు కోసుకోనిచ్చేవాళ్లం. తర్వాత పచ్చి వెదురు బొంగుల్లో కోడిమాంసం కూరి నిప్పుల మీద కాల్చి పెట్టేవాళ్లం. మా కరపత్రంలో దాన్ని బార్బెక్యూ లంచ్ అన్నారు. తోటలో ఆ వంట చేసే ముత్తమ్మ మాత్రం, "గా పేరు తీస్కపోయి మీ ఖమ్మంల పెట్టుకోండ్రి. కోడి ఏ పేరు పెట్టినా కాలుడే గదా," అనేది.

లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. మా సరంగు సత్యం. గోదావరి మీద నలభై ఏళ్లు పడవలు నడిపిన మనిషి. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను బాబూ అనేవాడు. మాట తక్కువ.

మాట అంతా నాదే. మైకు పట్టుకుని దారి పొడుగునా చెప్పేదాన్ని కామెంటరీ అంటారు. కొండ ఎత్తు, ఆనకట్ట పొడవు చెబితే జనం రెండు నిమిషాల్లో ఆవలిస్తారు. ఆ సంగతి మొదటి నెలలోనే తెలిసింది. అందుకని ఒక కథ అల్లాను.

రిజర్వాయర్ నడిమధ్యన నీళ్లలో ఎండిన చెట్ల మొదళ్లు నిలబడి ఉంటాయి. బెరడు రాలిపోయి తెల్లగా ఎముకల్లా ఉంటాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు విప్పుకుని కదలకుండా కూర్చుంటాయి. ఆ అడుగున రేగులగుంపు అనే కోయగూడెం ఉండేది. ఇంతవరకు నిజం. ఇక నేను చెప్పేది ఇది: "గేట్లు మూసిన రోజున ఒక తల్లి, కనపడని బిడ్డ కోసం ఊళ్లోనే ఉండిపోయింది. నీళ్లు వచ్చేశాయి. ఇప్పటికీ గాలి పడిపోయిన వేళ ఆమె పిలుస్తుంది. వినండి." అంతలో సత్యం బాబాయ్ ఇంజన్ ఆపేవాడు. అది మా ఇద్దరి ఏర్పాటు. ఒక నిమిషం పాటు నీళ్లు లాంచీ అడుగును నాకే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. పిల్లలు తల్లుల్ని పట్టుకునేవారు. మళ్లీ ఇంజన్ మోగగానే అందరూ నవ్వి చప్పట్లు కొట్టేవారు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. 2006 ఎండాకాలంలో ఒక ఆదివారం దాకా ఆ నిమిషంలో ఎవరికీ ఏమీ వినిపించలేదు.

ఆ ఆదివారం ముప్పై ఆరుగురు వచ్చారు. వాళ్లలో భద్రమ్మ అనే ఆవిడ ఒంటరిగా వచ్చింది. అరవై దాటిన మనిషి. సత్తుపల్లిలో ఏదో ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యానని చెప్పింది. లాంచీ ఎక్కుతూనే, "సారూ, ఇది రేగులగుంపు మీదికెల్లే పోతదా?" అని అడిగింది. పోతుందన్నాను. కిటికీ పక్కన కూర్చుంది.

కథ చెప్పాను. ఇంజన్ ఆగింది. అందరూ నీళ్ల వైపు చూస్తుంటే ఆవిడ ఒక్కతే నా వైపు చూసింది.

తోటలో దిగాక ఎండకు తాళలేక అందరూ లైఫ్ జాకెట్లు విప్పి టార్పాలిన్ మీద కుప్పేశారు. బొంగులు కాలుతున్నాయి. భద్రమ్మ నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, గా కథ నీకెవలు చెప్పిండ్రు?"

"అందరూ అంటుంటారు పెద్దమ్మా," అన్నాను.

"నేను ఆ ఊర్లనే పుట్టిన. పెండ్లయి పిల్లలైనంక ఊరు ఖాళీ చేసినం. ఎవ్వరూ మునగలే. లారీలు తోలిండ్రు, ఎక్కినం. మా అత్త కోళ్లగంప సుత ఎక్కించినం. ఒక్క కుక్కపిల్ల సుత మునగలే."

"ఊరికే, సరదాకి పెద్దమ్మా. జనానికి కొంచెం భయం ఉండాలి గదా."

"అవ్, భయం మీకు సరదా. పోయేటప్పుడన్న గా మైకుల చెప్పు, ఎవ్వరూ మునగలేదని. మేమేమన్న తల్లీబిడ్డల్ని ఇడిసిపెట్టి పోయే జాతా?"

నేను నవ్వాను. చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. పళ్లెం తెచ్చిమ్మంటారా అని అడిగాను. వద్దంది. నీళ్లు తగ్గి తోట పక్క నుంచి చెట్ల మొదళ్ల దిక్కుగా నల్లగా బయటపడ్డ ఒండ్రు నేల వైపు చూస్తూ, "అగో, ఆడ మా రోళ్లు తేలినయి," అంది. అంత దూరానికి నాకు ఏవో రాళ్లు కనిపించాయి. గంటలో బయలుదేరతామని చెప్పి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాను.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. ఎంతమంది ఎక్కారో, తిరిగి అంతమంది ఎక్కారో లేదో చూడటాన్ని హెడ్ కౌంట్ అంటారు. పేర్ల జాబితా చూసి పిలవాలని రూలు. నేను పిలిచేవాణ్ణి కాదు. జనం కదులుతూ ఉంటారు, ఒకడు పలుకుతాడు, ఒకడు పలకడు. కాషాయ రంగు జాకెట్లు లెక్కపెట్టడం సులువు. మనిషికొక జాకెట్టు, జాకెట్టుకొక మనిషి.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఆ ఒడ్డు ఊరివాళ్లు రోడ్డు మీదుగా రావాలంటే అడవి చుట్టి పూట పడుతుంది. అందుకని తిరుగు లాంచీలో వాళ్లను ఊరికే ఎక్కించుకునేవాళ్లం. వాళ్లకు ఇంజన్ పక్క పెట్టెలో నాలుగు జాకెట్లు వేరుగా ఉండేవి. ఆ రోజు ముత్తమ్మ ఎక్కింది. టార్పాలిన్ మీద ఒక జాకెట్టు మిగిలి ఉంటే, పెట్టె దాకా ఎందుకని అదే తొడుక్కుంది. అందులో ఆమె తప్పేమీ లేదు.

నేను లెక్కపెట్టాను. ముప్పై ఆరు. పడమట మబ్బు లేస్తోంది. లాంచీ తాళ్లు విప్పమన్నాను.

చెట్ల మొదళ్ల దగ్గరికి వచ్చాం. గాలి పూర్తిగా పడిపోయింది. వాన ముందర నీళ్లు సీసం రంగుకు తిరిగాయి. మైకు తీసి, "ఇంకొక్కసారి వినండి," అన్నాను. బాబాయ్ ఇంజన్ ఆపాడు.

కేక వినిపించింది.

సాగదీసిన ఆడగొంతు. ఒకసారి, మళ్లీ ఒకసారి. మాటలు తెలియలేదు. ఎటునుంచి వస్తోందో కూడా తెలియలేదు. నీళ్ల మీద గొంతు అట్లాగే ఉంటుంది, అన్ని వైపుల నుంచీ వచ్చినట్టు. ఒక నీటికాకి మొదలు మీంచి లేచిపోయింది. నేను అల్లిన అబద్ధానికి నీళ్లలోంచి ఎవరో ఊ కొట్టినట్టయింది.

అందరూ నా వైపు తిరిగారు. ఆ ముఖాల్లోని భయం, మెచ్చుకోలు చూశాను. నా నోరు దానంతట అదే మైకులో మాట్లాడింది: "విన్నారా? ఆమే. పిలుస్తోంది."

ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అందరూ కొట్టారు. వెనక ఎవరో, "టేపు పెట్టిండ్రురా బై, గా చెట్ల సాటున స్పీకర్ ఉంటది!" అని నవ్వారు.

బాబాయ్ నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు. "బాబూ, అది మనిషి గొంతు. తిప్పుతాను."

"అందరూ ఎక్కారు బాబాయ్. లెక్క సరిపోయింది."

"లెక్క సంగతి నాకు తెలీదు. నీళ్ల మీద మనిషి గొంతు నాకు తెలుసు."

"మబ్బు చూడు. వాన పట్టుకుంటే ముప్పై ఆరుగురికి నువ్వు పూచీయా? లాంచీ పోనీ."

ఆయన వెనక్కి ఇంజన్ దగ్గరికి వెళ్లాడు. మా కంపెనీ రూలు ప్రకారం లాంచీ మీద ఆఖరి మాట గైడుది. ఇంజన్ మోగింది.

మబ్బు నిజమే. లెక్క కూడా నిజమే అనుకున్నాను. కానీ ఇన్నేళ్ల తర్వాత నాకు నేను ఒప్పుకున్నది వేరు. నాకు భయం వేసింది. ఆ కేక దగ్గరికి వెళ్లే ధైర్యం లేక చప్పట్ల చాటున దాక్కున్నాను.

జెట్టీలో దిగాక బస్సు క్లీనరు ఒక సీటు ఖాళీ అన్నాడు. బాబాయ్ లాంచీలో భద్రమ్మ కూర్చున్న కిటికీ పక్క బల్ల కింద నుంచి ఒక గుడ్డసంచి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో కళ్లద్దాలు, సత్తుపల్లి బస్సు టికెట్టు. పక్కనే జాకెట్టు విప్పుతున్న ముత్తమ్మను చూశాను. అప్పుడు లెక్క అర్థమైంది.

అప్పటికే గాలిదుమారం అందుకుంది. బాబాయ్ తాడు విప్పబోతే లాంచీ జెట్టీకి కొట్టుకుని పక్క చెక్క పగిలింది. తోటలో ఉన్న ఫోనుకు చేశాను. కావలి మనిషి ఎత్తాడు.

"రేగులగుంపు దిక్కు ఎవరన్నా పిలుస్తున్నారా?" అని అడిగాను.

"అవ్ సార్, మీ లాంచీ పోయిన కాడి సంది ఒకటే కేక. మేమందరం ఇన్నం."

"పోయి చూడలేదా?"

"ఆ దిక్కు మేం పోం సార్. బిడ్డ కోసం పిలిచే ఆమెనే గదా. ఏండ్ల సంది మీరే చెప్తుండ్రి గదా సార్."

మనిషి అని అరిచాను, పెద్దమ్మ అని, మా టూరిస్టు అని. మధ్యలోనే లైను పోయింది.

రాత్రంతా గాలి తగ్గలేదు. పగిలిన చెక్కకు రేకు కొట్టి, తెల్లవారీ తెల్లవారక ముందే వెళ్లాం. పైన ఎండి పెచ్చులు తేలి, లోపల గంజిలా ఉండే ఒండ్రు అది. ఆవిడ తన ఊరి నేల అనుకుని నడిచింది. కానీ అది ఆ నేల కాదు. ఇరవై ఏళ్లుగా నీళ్లు తెచ్చి పోసిన బురద. నడుము దాకా దిగిపోయి ఉంది. రెండు చేతులా ఒక రాతిరోలును కౌగిలించుకుని ఉంది. లాంచీ బల్లలు ఊడదీసి పరుచుకుంటూ వెళ్లాం. బతికే ఉంది. కళ్లు తెరిచి, మేము వస్తుంటే చూస్తూనే ఉంది. ఒక్క కేక కూడా పెట్టలేదు. గొంతు పోయిందనుకున్నాను.

గొంతు పోలేదు. మూడో రోజు దవాఖానాలో మంచం పక్కన నిలబడితే బొంగురుగా మాట్లాడింది.

"ఇంజన్ ఆగింది. నాకోసమే ఆపిండ్రనుకున్న. పానం లేచొచ్చింది. ఇంకింత గట్టిగ పిలిచిన. అప్పుడు నీ మైకు ఇనొచ్చింది బిడ్డా. నీళ్ల మీద మంచిగ ఇనొస్తది. బతికున్నదాన్ని నన్ను చచ్చినదాన్ని చేసి చెప్తివి. అందరు చప్పట్లు కొడ్తిరి."

ఆవిడ గోడ వైపు తిరిగింది.

విచారణలో నన్ను అడిగారు: ఆమె పిలిచానంటోంది, మీకు వినిపించలేదా? ఇంజన్ చప్పుడుకు ఏమీ వినిపించలేదని చెప్పాను. లెక్క తప్పడానికి కారణం అడిగితే, మబ్బు చూసి సరంగు తొందరపెట్టాడన్నాను. టూరిస్టులను ఎవరూ పిలిపించి అడగలేదు. బాబాయ్‌ని అడిగితే, ఇంజన్ ఆపి ఉందని, కేక విన్నామని, తిప్పుతానంటే గైడు వద్దన్నాడని చెప్పాడు. తప్పు తప్పించుకోవడానికి చెబుతున్నాడని రాసుకున్నారు. ఆయన పని పోయింది. మళ్లీ ఎవరూ ఆయనకు లాంచీ ఇవ్వలేదు. జెట్టీ మీద చివరిసారి కనిపించినప్పుడు, "నీకు వినపడింది బాబూ," అన్నాడు. అంతే అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు.

కాబట్టి రాస్తున్నాను. ఇంజన్ ఆగి ఉంది. కేక వినిపించింది. నాకే కాదు, లాంచీలో ఉన్న అందరికీ వినిపించింది. సత్యం తిప్పుతానన్నాడు. వద్దన్నది నేను. మబ్బు చూసి తొందరపెట్టిందీ నేనే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు సలహా అడిగితే జాకెట్లు లెక్కపెట్టకండి, పేరు పెట్టి పిలవండి, పలికేదాకా ఆగండి అని చెబుతాను. అది సులువుగా నేర్పగలిగే పాఠం. రెండోది కథల గురించి, అది నేర్పడం కష్టం. పోయిన ఏడాది ఒక పెళ్లికి ఆ దిక్కుకు వెళ్లాను. లాంచీలు ఎప్పుడో ఆగిపోయాయి. టీకొట్టు దగ్గర ఒకాయన రిజర్వాయర్ చూపించి, నేను ఎవరో తెలియక, నాకే ఆ కథ చెప్పాడు. తల్లి, బిడ్డ, గేట్లు అన్నీ అట్లాగే ఉన్నాయి. చివర ఒక ముక్క మాత్రం కొత్తది. "ఒకపాలి లాంచీ ఆగితే నిజంగనే పిలిచిందంట సార్. మస్తుమంది ఇన్నరంట."

ఆ పిలిచిన ఆవిడ భద్రమ్మ. సత్తుపల్లిలో కూతురి దగ్గర ఉంది. కర్ర పట్టుకుని నడుస్తుంది. ఆవిడ నన్ను అడిగింది ఒకటే. అప్పుడు మైకులో చెప్పలేదు. ఇప్పుడు మైకు లేదు కనుక ఇక్కడ చెబుతున్నాను. రేగులగుంపులో ఎవ్వరూ మునగలేదు. లారీలు వచ్చాయి, ఎక్కారు. కోళ్లగంప కూడా ఎక్కించారు.